ఎద్దు లేని గానుగ

పదకొండేళ్ళుగా నేను ఏ నూనె గురించి రాస్తున్నానో, ఆ నూనె డబ్బాకి కొత్త లేబుల్ వస్తోందని నాకు చెప్పింది లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సాయన. "మేడమ్, హైదరాబాదు నుంచి ఫైలొచ్చిందండి. ఆకుపచ్చ పాతదే ఉంచమంటారా, కాస్త ముదురు చెయ్యమంటారా?" అని అడిగారు. ఏ ఫైలండీ అన్నాను. ఆయన నాలిక్కరుచుకుని, "మీకు చెప్పలేదాండి? అయితే నేనేమీ అన్లేదండి," అని ఫోన్ పెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా ఆరలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నాది అమలాపురంలో చిన్న ప్రకటనల ఏజెన్సీ. ఏజెన్సీ అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద రెండు గదులు, నేను, నాతోపాటు బొమ్మలు వేసే ఒకమ్మాయి. బడుల అడ్మిషన్లకి కరపత్రాలు, శ్రావణమాసంలో నగల కొట్టుకి ఫ్లెక్సీలు, అల్లవరం వైపు రొయ్యల మేత అమ్మేవాళ్ళకి గోడ రాతలు, ఇలాంటివి చేసుకుంటూ బతుకుతున్నాం. వీటన్నిటిలో నేను మనసు పెట్టి చేసింది ఆ కొబ్బరినూనె మిల్లు పని. మిల్లు యజమాని నాకు చుట్టం కాదు. అయినా మా వైపు మనిషిని ఏదో ఒక వరస కలపకుండా పిలవడం చేతకాదు కనక, ఆయన నాకు బాబాయిగారయ్యారు.

మొదటిసారి ఆయన లేబుల్ కోసం వచ్చినప్పుడు, "అమృతం అనో, స్వచ్ఛం అనో ఏదో మంచి మాట రాసిపెట్టమ్మా," అన్నారు. మీ నూనె నేను చూడలేదు కదండీ, చూడకుండా ఎలా రాస్తాను అన్నాను. ఆయన నవ్వి, మర్నాడు పొద్దున్నే మిల్లుకి రమ్మన్నారు. వెళ్ళి ఒక స్టూలు వేసుకుని రోజంతా కూర్చున్నాను. ఆడవాళ్ళు కొబ్బరి చిప్పలు కోసి ఎండబెట్టడం చూశాను. ఎండిన కొబ్బరి మిషనులోకి వెళ్ళి ఒక పక్క నూనెగా, ఒక పక్క పిప్పిగా బయటికి రావడం చూశాను. అది కరెంటుతో తిరిగే మామూలు ఇనప మిషను. దానిలో దాచుకోవలసింది ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే మా ఇంట్లో వంటగది కన్నా ఆ మిల్లే శుభ్రంగా ఉంది.

సాయంత్రం ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇచ్చాను. "మా మిల్లు గేటు తీసే ఉంటుంది. వచ్చి, చూసి, కొనండి." బాబాయిగారు రెండుసార్లు చదువుకున్నారు. "నిజంగా వచ్చేస్తేనమ్మా?" అని భయపడ్డారు. రానివ్వండి అన్నాను.

వచ్చారు కూడా. మొదట కొత్తపేట నుంచి ఎవరో ఒకరిద్దరు, తరవాత రాజోలు నుంచి, ఆ తరవాత పెళ్ళిళ్ళకి ఇటు వచ్చిన దూరపు వాళ్ళు. ఎవరు ఎప్పుడొస్తారో తెలీదు కాబట్టి మిల్లులో రోజూ పొద్దున్నే నేల కడగడం మొదలైంది. కొబ్బరి కోసే ఆడవాళ్ళు తలకి గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టారు. పుచ్చు చిప్ప ఒక్కటి కనిపించినా పెద్దావిడ తీసి అవతల పారేసేది. ఆవిడ ఆ మిల్లులో అందరికన్నా పాత మనిషి. నేను డబ్బా మీద రాసిన మాటకి డబ్బా లోపలిది మారింది. నా వృత్తిలో ఇంతకన్నా గొప్పది ఏదైనా ఉంటుందని నేను అనుకోను.

అప్పటినుంచి ఏటా లేబుల్ మళ్ళీ అచ్చుకి వెళ్ళేముందు ఒక రోజంతా మిల్లులో కూర్చోవడం మా ఇద్దరి మధ్యా పద్ధతి అయిపోయింది. రాతకోతలేమీ లేవు. ఆ రోజు నేను చూసింది చూసినట్టు చెప్పేదాన్ని, ఆయన వినేవారు. ఒక ఏడాది వానలు వదలకుండా పట్టుకున్నాయి. ఎండ లేక కొబ్బరిని పొగ మీద ఆరబెట్టారు. నూనెకి పొగ వాసన పట్టేసింది. సెంటు లాంటిదేదో కలిపితే పోతుందని ఎవరో సలహా ఇచ్చారట. బాబాయిగారు సగం ఒప్పేసుకుని కూడా ఉన్నారు. నేను వద్దని మొండికేశాను. ఒక చిన్న చీటీ అచ్చేయించి ప్రతి డబ్బాకీ అంటించాం. "ఈ నెల నూనెకి పొగ వాసన ఉంటుంది. వానలండి. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి." ఆయనకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. డబ్బాలు వెనక్కి వస్తాయనుకుంటే జనం వచ్చారు, ఆ చీటీ రాసిందెవరండీ అని అడిగి మరీ కొనుక్కుని వెళ్ళారు. ఆ రోజు ఆయన నన్ను, "మా ఇంటి మనిషి," అని అందరికీ చెప్పుకున్నారు. నేను నమ్మాను. నమ్మడమే నా తప్పయితే, ఆ తప్పు నాకు ఇప్పటికీ ముద్దే.

ఇక అల్లుడుగారి సంగతి. బాబాయిగారి ఒక్కగానొక్క కూతురి పెళ్ళి అయ్యింది. అల్లుడుగారు హైదరాబాదులో పెద్ద కంపెనీల మార్కెటింగులో పనిచేస్తారు. మంచివారే, నెమ్మదస్తులే, నన్ను మేడమ్ అని తప్ప పిలవలేదు. వచ్చిన చిక్కల్లా ఆయన అల్లుడు కావడమే. మా వైపు అల్లుడికి జరిగే మర్యాదలు చూసి బయటివాళ్ళు నవ్వుకుంటారు, విస్తట్లో పిండివంటలు లెక్కపెడతారు. తిండితో ఆగిపోతే నాకూ పేచీ లేదు. అల్లుడుగారు కూరలో ఉప్పు లేదంటే, ఉందని చెప్పగలిగే మనిషి ఆ ఇంట్లో ఉండడు. ఉప్పు వేస్తారు, అందరూ ఆ ఉప్పటి కూరే తింటారు. ఇప్పుడు ఆ మర్యాద వంటింట్లోంచి మిల్లులోకి వచ్చింది.

ప్రెస్సాయన ఫోన్ చేసిన మర్నాడే నేను మిల్లుకి వెళ్ళాను. బాబాయిగారు నన్ను కూర్చోబెట్టి కొబ్బరి చెట్లకి పట్టిన తెల్లదోమ గురించి గంటసేపు మాట్లాడారు. ఆ తరవాత కాలవల గురించి మాట్లాడారు. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకని నేనే అడిగేశాను, కొత్త లేబులటగదండీ అని. ఆయన తల దించుకుని, "ఆదివారం మా ఇంటికి టిఫినుకి రామ్మా. అల్లుడుగారు అంతా చెప్తారు," అన్నారు. పదకొండేళ్ళ పరిచయం ఆయన చేత ఒక్క వాక్యం చెప్పించలేకపోయింది. కోపం వచ్చింది, ఆయన్ని చూస్తే జాలీ వేసింది. కోపమే ఎక్కువ.

ఆదివారం వెళ్ళాను. హాల్లో టీవీకి కంప్యూటరు తగిలించి ఇద్దరు కూర్చుని ఉన్నారు, హైదరాబాదు ఏజెన్సీ వాళ్ళు. అల్లుడుగారు నన్ను వాళ్ళకి పరిచయం చేశారు. "ఈవిడ మన లోకల్ వెండరండి." ఆ మాట విని నేను బాబాయిగారి వైపు చూశాను. ఆయన అల్లం పచ్చడి గిన్నె వైపు చూశారు. వచ్చిన ఇద్దరిలో ఒకాయన మొదలుపెట్టారు. మేం క్లయింటు దగ్గర వెండర్లలా పనిచెయ్యమండి, పార్ట్‌నర్లలా పనిచేస్తాం, ఏళ్ళ తరబడి వాళ్ళతో కలిసి నడుస్తాం, వాళ్ళ కుటుంబంలో మనుషుల్లా ఉంటాం అని చాలా చక్కగా చెప్పారు. ఆయన చెప్పే ప్రతి మాటా నేను చేసిన పనే. నా ఎదుట, నా ప్లేట్లో పెసరట్టు చల్లారుతుండగా, నా పదకొండేళ్ళూ వాళ్ళు కొత్తగా చెయ్యబోయే పని అయిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

తరవాత టీవీలో కొత్త లేబుల్ వచ్చింది. చెక్క గానుగ, దానికి కట్టిన తెల్లటి ఎద్దు, పక్కన తలపాగా పెట్టుకున్న తాత. పైన "మా చెక్క గానుగలో పట్టిన నూనె" అని రాశారు. కింద నా రెండు ముక్కలు అలాగే ఉంచారు. జనానికి ఆ మాట బాగా గుర్తుందని వాళ్ళు కనుక్కున్నారట.

"గానుగ ఎక్కడుందండీ?" అన్నాను.

"అది ఫీల్ కోసం మేడమ్. జనానికి ఫీల్ కావాలి," అన్నారాయన.

"మీరు మిల్లు చూశారా అండీ? ఇక్కడికి పది నిమిషాలే."

"చూడాలనే ఉంది మేడమ్. ఫ్లైటుకి టైమైపోతోంది."

నేను మళ్ళీ బాబాయిగారి వైపు తిరిగాను. బాబాయిగారూ, మన దగ్గర ఎద్దేదండీ అని అడిగాను. ఆయన నాకు జవాబు చెప్పకుండా లోపలికి కేకేసి, "అమ్మాయికి ఇంకో పెసరట్టు వెయ్యండే," అన్నారు. అంతటితో ఆ చర్చ ముగిసిపోయింది. గోదారి వాళ్ళు మర్యాదతో చంపేస్తారని సరదాగా అంటారు కదా, చచ్చేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

రెండు రోజులాగి ఆయన ఒక్కరే ఉన్నప్పుడు మిల్లుకి వెళ్ళి చెప్పాను. ఆ బొమ్మ కింద నా మాట నిలవదండి, చూసి కొనమని పిలిచి లేనిది ఎలా చూపిస్తామండీ అని. ఆయన ఒప్పుకున్నారు. "నువ్వన్నది నిజమేనమ్మా. కానీ అల్లుడుగారు సరదాపడి చేయించేరు. ఇప్పుడు కాదంటే చిన్నబుచ్చుకుంటారు. మా అమ్మాయి కూడా బాధపడుద్ది," అన్నారు. మరి డబ్బా కొనుక్కున్న ఇల్లాలు చిన్నబుచ్చుకోదా అండీ అంటే ఆయన లెక్కల పుస్తకం తెరిచారు. అల్లుడి ముఖం కళ్ళెదుట ఉంది, కొనేవాళ్ళ ముఖం లేదు. వాళ్ళ ముఖాన్ని ఆయనకి గుర్తు చేస్తూ ఉండడమే ఇన్నేళ్ళూ నేను చేసిన పని. దానికి వెండరు అనే మాట సరిపోతుందేమో మీరే చెప్పండి.

కొత్త డబ్బాలు బజారులోకి వెళ్ళాయి. పెద్ద పనులు హైదరాబాదుకి పోయినా క్యాలెండరు పని మాత్రం నాకు వదిలారు. ఆ పని మీద ఒక రోజు పొద్దున్నే మిల్లుకి వెళ్ళి కొబ్బరి ఎండబెట్టే కళ్ళంలో కూర్చుని ఉండగా ఒక కారు వచ్చింది. భీమవరం వైపు నుంచి ఒక మాస్టారు, ఆయన భార్య, ఆరేడేళ్ళ పాప దిగారు. పాప చేతిలో మా డబ్బా ఉంది. ఎద్దుని చూద్దామని దారంతా గోల పెట్టిందని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది.

బాబాయిగారు ఆ సమయానికి బజారుకి వెళ్ళారు. అక్కడ ఉన్నది కొబ్బరి కోసే పెద్దావిడ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, నేను. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అంత దూరం నుంచి వచ్చిన పిల్లని వట్టి చేతులతో ఎలా పంపుతామని అనుకుందో, యజమాని పరువు పోతుందనుకుందో, పెద్దావిడ లేచి నిలబడి, "ఆయ్, ఎద్దు మేతకెళ్ళిందండి," అంది.

నేను నోరు విప్పలేదు. ఆ మాట అబద్ధమని నేను అప్పుడే చెప్పి ఉంటే, ఒక నిమిషం సిగ్గుతో పోయేది. చెప్పలేదు. ఈ కోపంలో నా వాటా నాకూ ఉంది.

మేతకి వెళ్ళిన ఎద్దు వస్తుందని వాళ్ళు కూర్చున్నారు. మర్యాద గల మనుషులు, తొందరేమీ లేదన్నారు. కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చాం. పదకొండయింది, పన్నెండయింది. బాబాయిగారు వచ్చారు. సంగతి తెలిసి ముఖం పాలిపోయింది. అప్పుడైనా చెప్పేస్తారనుకున్నాను. ఆయన చేతులు నలుపుకుంటూ, "ఎద్దు కాస్త ఆలస్యమయ్యేలా ఉందండి. మీరు భోంచేసి వెళ్ళాల్సిందేనండి," అని వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళి చేపల పులుసుతో భోజనం పెట్టించారు. అబద్ధానికి అన్నం పెట్టి పోషించడం నేను కళ్ళారా చూసింది అప్పుడే.

భోజనాలయ్యాక మళ్ళీ మిల్లుకి వచ్చారు. పాప ఒక్కతే వెనక్కి వెళ్ళి అంతా తిరిగి వచ్చింది. "నాన్నా, ఇక్కడ పాక లేదు, గడ్డీ లేదు, పేడ కూడా లేదు. మరి ఎద్దు ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగింది. మాస్టారు లేచి లోపలికి వెళ్ళారు. మిషను ఆడుతోంది. కాసేపు దాని దగ్గర నిలబడి చూసి బయటికి వచ్చారు.

"మిషనైతే మిషనని చెప్పొచ్చు కదండీ," అన్నారు. గొంతు పెంచలేదు. "ఇంత శుభ్రంగా పెట్టుకున్నారు. మాకు ఇది చాలండీ. ఇప్పుడు మీరు కొబ్బరినూనె అన్నా నమ్మబుద్ధి కావడం లేదు."

పొద్దున్న మా దగ్గర కొన్న రెండు డబ్బాలూ గట్టు మీద పెట్టేశారు. మంచి భోజనం పెట్టారు, అమ్మగారికి చెప్పండి అని మరీ కారెక్కారు. బాబాయిగారు చేతులు జోడించి నిలబడే ఉన్నారు. పెద్దావిడ కొబ్బరి కత్తి పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ తప్పేముంది? పుచ్చు చిప్ప ఒక్కటి కనిపిస్తే ఊరుకోని మనిషి చేత అబద్ధం ఆడించింది ఆ లేబుల్. నాకు దుఃఖం వచ్చేసింది. నా కళ్ళముందు ఏళ్ళ తరబడి పేరుకుంటూ వచ్చిన పరువంతా ఒక్క పూటలో పోయింది.

మూడు రోజులకి బాబాయిగారు ఫోన్ చేసి రమ్మన్నారు. నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. ఆయన కూడా ఆ మాస్టారి మాట విన్నారు కదా, ఎద్దుని తీయించేస్తారు, ఈసారి కూడా ఒక చీటీ రాద్దాం, తప్పయిందండీ అని రాద్దాం అనుకున్నాను. స్కూటరు మీద వెళ్తూ ఆ చీటీ మనసులో రాసేసుకున్నాను కూడా.

వెళ్ళేసరికి ఆఫీసు బల్ల మీద ఫోను స్పీకరులో ఉంది. అవతల అల్లుడుగారు. ఏజెన్సీతో మాట్లాడారట, ఇబ్బంది ఎక్కడుందో వాళ్ళు కనిపెట్టారట. ఇబ్బంది బొమ్మతో కాదట, మాటతోనట. వచ్చి చూడమనడం వల్లే కదా మేడమ్ వాళ్ళు వచ్చారు, ఇక ఆ లైను తీసేస్తున్నాం, ఎద్దుకి రెస్పాన్స్ బాగుంది కాబట్టి అది ఉంటుంది అన్నారు. మేడమ్ అని ఎంత గౌరవంగా అన్నారో! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత నాకు తెలుసు గానీ, ఊడిన నాలుకని చూసి సంబరపడేవాళ్ళని అప్పుడే చూశాను.

ఫోను పెట్టేశాక కాఫీలు వచ్చాయి. బాబాయిగారు నా కాఫీ నా ముందుకి జరిపి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"గేటుకి ఒక బోర్డు కావాలమ్మా. అనుమతి లేనిదే లోపలికి రాకూడదని. ఫ్లెక్సీ వద్దు, చవకబారుగా ఉంటది. రేకు మీద చక్కగా రాయించు. ఎంతైనా నువ్వు మా ఇంటి మనిషివి, ఇంకెవరికి చెప్తాను?"

నాకు అరవాలనిపించింది. కానీ పుట్టి పెరిగిన నేల అలాంటిది, కోపంలో కూడా నాలుక చివర అండీ ఉంటుంది.

"రాయనండి," అన్నాను.

ఆయన నమ్మలేనట్టు చూశారు. లోపల మిషను ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పదకొండేళ్ళలో నువ్వు నన్ను కాదనడం ఇదే మొదటిసారమ్మా," అన్నారు చివరికి. ఆయన కళ్ళల్లో నిజంగానే బాధ ఉంది.

"చాలాసార్లు కాదన్నానండి బాబాయిగారూ," అన్నాను. "అప్పుడు మీరు వినేవారు."

నేను కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.